‘దొరకలేదు’ అని రాయని మనిషి

పాత ఫైళ్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నిజామాబాద్‌లో మా ఆఫీసులో అప్పుడే మొదలైంది. కాంట్రాక్టు మీద వచ్చిన అమ్మాయిలిద్దరు వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవారు. ఒకమ్మాయి కట్టలు విప్పి పిన్నులు, ట్యాగులు పీకేది. ఇంకొకమ్మాయి ఆ కాగితాలను ఒక్కొక్కటిగా స్కానర్ కింద పెట్టేది. పిన్నులు పీకే అమ్మాయికి వేళ్ల నిండా గాట్లే. పొద్దంతా అబ్బా, అమ్మా అంటూనే ఉండేది. ఒక మధ్యాహ్నం బాన్సువాడ నుంచి వచ్చిన కట్టలు విప్పారు. కాసేపటికి ఆ అమ్మాయి నన్ను పిలిచింది.

“మేడం, గీ కట్టలు ఎవలు కట్టిన్రో గానీ ఒక్క పిన్ను గూడ గుచ్చుకుంటలేదు.”

లేచి వెళ్లి చూశాను. ప్రతి పిన్ను మొనా వెనక్కి తిరిగి రెండు కాగితాల నడుమ దాగి ఉంది. తర్వాత ఆ ఫైలు తెరిచే చెయ్యి ఎవరిదో తెలియకపోయినా, ఆ చేతికి గుచ్చుకోకూడదని పెట్టిన పిన్నులవి.

“నాకు తెలిసినామెనే,” అన్నాను. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. సంతకం కూడా ఎవరికీ చదవరాకుండా పొట్టిగా ఒక గీత గీసే మనిషి. పేరు అచ్చులో కనిపిస్తే ఇబ్బంది పడేది.

నేను బాన్సువాడలో కాలువల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరింది తొంభైల మొదట్లో. మాది కోటగిరి. అమ్మ, నాన్న ఇంకొకరి మళ్లలో నాట్లకూ కోతలకూ పోయేవాళ్లు. మా ఇంట్లో ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటి మనిషిని నేనే. చేరిన రోజు ఏ కుర్చీ నాదో తెలియక గోడ పక్కన నిలబడి ఉన్నాను. లోపలి గదిలోంచి ఒకామె వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కుడి బొటనవేలికి కాగితాలు తిప్పే రబ్బరు తొడుగు ఉంది. నన్ను కిందికీ మీదికీ చూసి అంది:

“నిలబడితే జీతం ఎక్కువియ్యరు పిల్లా. కూసో.”

ఆ రోజు మొదలు నేనామెకు పిల్లనే. ముందు ఆమెను మేడం అన్నాను. ఒక నెల గడిచేసరికి అక్కా అనడం మొదలుపెట్టాను. ఆఫీసులో ఆమెను అక్కా అన్నది నేనొక్కదాన్నే.

రికార్డు గదీ, వచ్చే తపాలూ ఆమె పని. ఏ ఊరి కాలువ కాగితం ఏ గోడ వైపు ఏ అరలో ఉందో చెప్పడం ఆమెకు లెక్కే కాదు. దానికి ఎవరైనా మెచ్చుకుంటే చిరాకు పడేది. “ఫైలు ఏడున్నదో ఎవలన్నా జెప్తరు. ఎవల బల్ల మీద ఆగిందో జెప్పుండ్రి, గప్పుడు మెచ్చుకుంట,” అనేది. అది వినగానే ఒకరిద్దరు తల దించుకుని తమ బల్లలు సర్దుకోవడం చూసి నాకు నవ్వొచ్చేది.

పోస్ట్‌మన్ తెచ్చిన కవర్లను ఆమె వెంటనే చింపేది కాదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మీదున్న చిరునామా మెల్లగా, పెదవులు కదిలిస్తూ చదివేది. అన్నీ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వచ్చినవే. చదవడానికి ఏముందని ఒకసారి అడిగాను.

“చూస్తున్న, నా పేరు మీద ఏమన్న వచ్చిందేమోనని,” అని నవ్వింది. నేనూ నవ్వాను. మరునాడు ఆమె మళ్లీ అలాగే చదువుతుంటే నవ్వు రాలేదు.

ఆమెకు పెళ్లయిందన్నారు కొందరు. కాలేదన్నారు ఇంకొందరు. మెదక్ తట్టు నుంచి వచ్చిందనీ, అక్కడ ఒక తమ్ముడున్నాడనీ, ఇద్దరికీ మాటల్లేవనీ చెప్పుకునేవారు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బస్టాండు వెనక ఒక ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేది. దసరాకో దీపావళికో ఆఫీసు కాపలా ఎవరుండాలని మాట వస్తే, ఎవరూ అడగకముందే “నా పేరు రాయుండ్రి” అనేది. ఆదివారాలు మాత్రం ఆఫీసు తెరిచేవారు కాదు. అందుకని బస్టాండుకు వచ్చి సిమెంటు బెంచీ మీద కూర్చునేది. బోధన్ బస్సు, నిజాంసాగర్ బస్సు, దెగ్లూరు నుంచి మరాఠీ మాట్లాడుకుంటూ దిగే జనం. అన్నీ చూసేది, దేంట్లోనూ ఎక్కేది కాదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక చిన్నమ్మ ఇంటికని బాన్సువాడ వచ్చి దిగాను. బెంచీ మీద ఆమె కనిపించింది. ఎక్కడికి పోతున్నావని అడిగాను.

“ఏడికీ లేదు. మంది మాటలు వింటున్న,” అంది.

తొంభైల చివర్లో ఆఫీసుకు కంప్యూటర్ వస్తుందని తెలిసింది. దానికి దుమ్ములేని గది కావాలన్నారు. ఉన్న గదుల్లో రికార్డు గదే పెద్దది. గడువు దాటిన కాగితాలన్నీ ఏరి తీసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏది ఎన్నేళ్లు ఉంచాలో చెప్పే ఒక పుస్తకం కూడా దాంతోపాటు పంపారు. ముగ్గురితో కమిటీ వేశారు. సూపరింటెండెంట్ సార్, ఒక ఇంజనీరు, ఆమె. మగవాళ్లిద్దరూ గడప దగ్గరే నిలబడి, తుమ్ముకుంటూ, “మేడం చూసిన్రంటే మేము చూసినట్టే” అని సంతకాలు పెట్టారు. లోపలికి దిగింది ఆమె. నేను తోడున్నాను.

ఆ పనిలో ఆమె అంత ఉత్సాహంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. కట్ట విప్పి, సంవత్సరం చూసి, కుడివైపు పెడితే ఉంచేది, ఎడమవైపు విసిరితే తీసేసేది. ఎడమవైపు గుట్ట పెరుగుతున్న కొద్దీ ఆమె ముఖం విప్పారింది. కట్టల వెనక మూసుకుపోయిన ఒక కిటికీ బయటపడింది. అక్కడ కిటికీ ఉన్నట్టు మాకెవరికీ తెలియదు. గొళ్లెం ఊడదీసి తెరిస్తే వేపచెట్టు కొమ్మ లోపలికి తొంగిచూసింది. “చూసినవా పిల్లా, ఇన్నొద్దులు గాలిని అడ్డం పెట్టి కాగితాలను కూసోబెట్టినం,” అంది. ఎడమవైపు గుట్టంతా లారీకెక్కి పోయింది.

కంప్యూటర్ వచ్చాక ఆఫీసులో అందరూ దాన్ని చూసి బెదిరారు. దాని గుడ్డ తీయడానికి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆమె మాత్రం సాయంత్రాలు కోచింగ్ సెంటర్‌లో చేరింది. తనకు కూతుళ్లుంటే ఆ వయసుండే పిల్లల పక్కన కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు నేర్చుకుంది. వాళ్లు ఆమెను ఆంటీ అంటున్నారని నాకు వచ్చి గొప్పగా చెప్పింది. ఆమె బెదరకపోవడానికి కారణం కూడా చెప్పింది.

“గిది మనం ఒకటి కొడితే మల్ల ఏదో ఒకటి అడుగుతది పిల్లా. ఊకనే ఉండదు.”

ఉంచిన కట్టల జాబితాలు కంప్యూటర్‌లో ఎక్కించి ఆమె ఫోల్డర్లకు పెట్టిన పేర్లు చూసి అధికారులు నవ్వేవారు. తూర్పుగోడ, పడమరగోడ, కిటికీ పక్క, తలుపు వెనక. గదిలో కట్టలు ఎక్కడుండేవో అవే పేర్లు. కొత్తగా వచ్చిన వాళ్లకు తలుపు వెనక ఏముంటుందో తెలిసేది కాదు. పేర్లు మార్చమంటే “మీకు ఏది కావాలో చెప్పుండ్రి, నేను తీసిస్త గదా” అనేది. అలా అంటే వాళ్లు ఆమె దగ్గరికి రావలసివచ్చేది.

సాయిలు వచ్చింది ఆ తర్వాత రెండు మూడేళ్లకు. కాలువ మీద తూములు ఎత్తి దించే మనిషిని మా దగ్గర లస్కర్ అంటారు. సాయిలు మా కోటగిరి తట్టు కాలువ మీద దినకూలి లస్కర్‌గా చాలా ఏళ్ల నుంచి ఉన్నాడు. చిన్నప్పుడు తూము దగ్గర ఈతలు కొడితే మమ్మల్ని కట్టె పట్టుకుని తరిమేవాడు. ఫలానా సంవత్సరానికి ముందు నుంచి పనిలో ఉన్న వాళ్లను పర్మనెంట్ చేస్తారని అప్పుడు ఉత్తర్వు వచ్చింది. అతనికి అపాయింట్‌మెంట్ కాగితం లేదు. ఉన్నదల్లా కూలీల హాజరు వేసే మస్టరులో పేరూ, పక్కన వేలిముద్రా. ఆ పాత మస్టర్ల నకలు తెమ్మన్నారట. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

“కూసో సాయిలన్నా. జర సేపట్ల తీసిస్త,” అని ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. వెతికింది. ఆగింది. మళ్లీ వెతికింది. నేను పక్కనుంచి చూశాను. ఆ మస్టర్లు ఏ గోడ కిందా లేవు. తీసేసిన కాగితాల జాబితాలో ఉన్నాయి. ఆ జాబితా టైపు చేసింది ఆమే. లేచి వెళ్లి బీరువాలోంచి ఆ నిబంధనల పుస్తకం తీసి తిరగేసింది. మస్టర్ల వరుస కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. కూలీల సర్వీసు తేలేదాకా వాటిని తీసేయరాదు. ఆమె ఆ రోజు సంవత్సరం చూసింది గానీ ఆ మాట చూడలేదు.

“వచ్చే వారం రా అన్నా,” అని అతన్ని పంపేసింది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

నన్ను వెంటబెట్టుకుని పోయి సూపరింటెండెంట్ సార్‌కు చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, “గిండ్ల ఏమున్నది మేడం! దొరకలేదు అని రాసేద్దాం. ఏ ఆఫీసుల రాస్తలేరు?” అన్నాడు.

“దొరకకపోవుడు కాదు సార్. నేను తీసేసిన.”

“మీరొక్కరే కాదు గదా. మా సంతకాలు గూడ ఉన్నయి. నాకు బిడ్డల చదువులున్నయి. జర ఆలోచన చేయుండ్రి.”

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది. రాయాల్సిన కాగితాన్ని కొన్నాళ్లు సొరుగులో పెట్టుకుంది. దొరకలేదని రాస్తే తప్పు ఎవరిదీ కాదు. సాయిలు మాత్రం వారం వారం తిరుగుతూనే ఉండాలి. తీసేశామని రాస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది. అప్పుడు అతను వేరే రుజువు చూపించుకోవచ్చు. ఈ తేడా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ ఆమె వైపు చూడలేదు.

మళ్లీ సాయిలు వచ్చిన రోజు అతన్ని కూర్చోబెట్టి, అందరూ వింటుండగానే చెప్పింది.

“సాయిలన్నా, గా మస్టర్లు లేవు. ఉంచవలసినయి నేనే తీసేసిన. తప్పు నాదే.”

సాయిలుకు ముందు అర్థం కాలేదు. “మల్ల నా పేరు, అమ్మా?” అన్నాడు.

“నీ పేరు గూడ పోయింది.”

అతను తిడతాడేమోనని నేను భయపడ్డాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “ఆఫీసులకు ఇన్నిసార్లు వచ్చిన, ఇన్నిసార్లు పోయిన. గిట్ల నా మొఖం మీద నిజం జెప్పినోళ్లు లేరమ్మా,” అన్నాడు. ఆమె కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూసింది అప్పుడొక్కసారే. సొరుగులోంచి కాగితం తీసి, అతని ముందే రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం ఎప్పటిలా గీత కాదు. పూర్తి పేరు.

పైనుంచి మెమో వచ్చింది. ఆమెకు ఇంక్రిమెంట్ ఆపారు. రావలసిన ప్రమోషన్ రాలేదు. మిగతా ఇద్దరికీ వివరణ ఇమ్మని కాగితాలు వచ్చాయి. అంతే. మునుపు ఆఫీసులో ఆమెతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఇప్పుడు అసలే మానేశారు. టీ తెచ్చే మనిషి కూడా ఆమె బల్ల దాటుకుని పోయేవాడు. ఆమె గమనించనట్టే కంప్యూటర్ ముందు కూర్చునేది. ఒకరోజు ఏదో పనికిరాని ఫైలు తీసేస్తుంటే తెరమీద చిన్న డబ్బా లేచి, నిజంగా తీసేయమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆమె చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

“చూసినవా పిల్లా,” అంది. “కాగితాలప్పుడు గిట్ల ఒక్కలు నన్ను అడిగి ఉంటే!”

అప్పటినుంచి కంప్యూటర్‌లో ఆమె ఏదీ పూర్తిగా తీసేయలేదు. చెత్తబుట్ట గుర్తు ఎప్పుడూ నిండే ఉండేది.

రుజువుగా ఆయకట్టు రైతుల వాంగ్మూలాలు తెస్తే చూస్తామని పైవాళ్లు అన్నారు. అది సాయిలు తెచ్చుకోవాల్సిన పని. ఆమె మాత్రం, “పోగొట్టింది నేను. వెతుకుడు ఆయన పనెట్లయితది?” అంది. ఆదివారాలు బస్టాండు బెంచీ మానేసి నిజంగానే బస్సెక్కింది. కోటగిరిలో దిగితే నేను కలిసేదాన్ని. సాయిలు ముందు, మేమిద్దరం వెనక. ఆటోలు పోయినంత దూరం ఆటోలో, తర్వాత పొలం గట్ల మీద నడక. ఊళ్ల పేర్లన్నీ ఆమెకు తెలుసు. ఊళ్లు మాత్రం తెలియవు. ఒక్కో ఊళ్లోకి అడుగుపెట్టగానే “ఇదేనా గా ఊరు!” అని నిలబడిపోయేది. తలుపు వెనక కట్టలో ఉన్న ఊరికి నిజంగా తలుపులుండటం, వాకిళ్లలో బర్రెలుండటం ఆమెకు వింతగా ఉండేది.

రైతులు తేదీలు చెప్పలేదు. “మా పెద్దోడు పుట్టిన యేడు తూము మీద సాయిలే ఉండె,” అనేవారు. “గండి పడితే రాత్రంతా మట్టి బస్తాలు మోసిండు,” అనేవారు. ఆమె ఆ పెద్దోడి వయసు కనుక్కుని, ఏ సంవత్సరమో లెక్కకట్టి, రాసి, చదివి వినిపించి సంతకం పెట్టించేది. ఒక పెద్ద రైతు మాత్రం మంచం మీంచి లేవలేదు.

“వానికి నేనెందుకు రాయాలె? చెరుకు ఎండుతున్నదంటే ఒక్కనాడు వంతు దప్పి నీళ్లిడిచిండా? కాళ్లు మొక్కినంత పనయింది నాకు.”

సాయిలు తల దించుకున్నాడు. ఆమె కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది.

“గదే రాయుండ్రి పటేలా. ఏ యేడు ఇయ్యలేదో గది రాయుండ్రి.”

“అంటే?”

“నీళ్లియ్యలేదంటే తూము మీద ఉన్నట్టే గదా.”

ఆయన కాసేపు ఆమె వైపు చూశాడు. తర్వాత మంచం అదిరేలా నవ్వాడు. “ఎవలు సాయిలూ గీమె? ఏడ దొరికింది నీకు?” అంటూ మూడు వేర్వేరు ఏళ్లు చెప్పి రాయించాడు. మజ్జిగ తాగించి పంపాడు.

ఆ రోజు తిరుగుదారిలో సాయిలు తన తూము దగ్గర ఆగాడు. నీళ్లు వదిలే వేళ అయిందన్నాడు. ఆమె గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. అప్పుడు నాకు తెలిసింది, ఇన్నేళ్లలో ఆమె కాలువను ఇంత దగ్గరగా చూడలేదని. బస్సు కిటికీలోంచి చూసిందంతే. నిజాంసాగర్ నీళ్ల గురించి వచ్చిన ఉత్తరాలన్నీ ఆమె చేతుల మీదుగా పోయాయి గానీ, ఆ నీళ్లు ఆమెకు తగల్లేదు. సాయిలు చక్రం తిప్పాడు. తూము పలక కిర్రుమని లేచింది. నీళ్లు ఎర్రగా నురగలు కక్కుతూ పిల్లకాలువలోకి ఉరికాయి. ఆమె చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తిపట్టి మెట్టు దిగింది.

“పైలంగ అమ్మా, పాకురుంటది,” అని సాయిలు కేకేశాడు.

“ఉండనీ అన్నా,” అంది. నీళ్లలో కాళ్లు పెట్టి పొద్దు వాలేదాకా కూర్చుంది. ఆమె ముఖంలో అంత నెమ్మది నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

సాయిలు పర్మనెంట్ అయ్యాడు. పాత మస్టర్లు లేకపోవడం అతని తప్పు కాదని ఆఫీసే రాసిచ్చింది కాబట్టి రైతుల మాట చెల్లుతుందని ఉత్తర్వులో ఉంది. కొత్త ఖాకీ చొక్కా వేసుకుని, భార్య లచ్చవ్వను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. లచ్చవ్వ కొంగులో కట్టుకొచ్చిన చిక్కుడుకాయలు బల్ల మీద పోసింది. ఆమె నవ్వింది, మాట్లాడింది, వాళ్లను గేటు దాకా సాగనంపింది. తిరిగి వచ్చి కూర్చున్నాక చాలాసేపు చిక్కుడుకాయలు ఒక్కొక్కటీ వరుసగా పేర్చుతూ ఉంది.

“ఇగ అయిపోయింది గదా పని,” అంది ఎవరితోనో అన్నట్టు. వచ్చే ఆదివారానికి ఎక్కడికీ పోవాల్సిన పని లేదని అప్పుడు నాకు తోచింది.

తర్వాత నాకు బోధన్‌కు బదిలీ అయింది. పోయే ముందు ఆమె నన్ను నెట్ సెంటర్‌కు తీసుకెళ్లింది. తనకొకటి, నాకొకటి ఈమెయిల్ ఐడీలు తెరిపించింది. నన్ను పక్క కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇటునుంచి ఆమె మొదటి ఉత్తరం పంపింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. పైన ఆఫీసు పద్ధతిలో విషయం: కుశలం తెలుసుకొనుట గురించి. కింద ఒకే వాక్యం. ‘పిల్లా, కుర్చీ మంచిగున్నదా?’ నేను పక్కకు తిరిగి మంచిగున్నది అక్కా అన్నాను. “నోటితోని కాదు, రాసి పంపు,” అంది. రాసి పంపాను. అది తన తెర మీద వచ్చేదాకా ఆమె రెప్ప వేయలేదు. వచ్చాక మీద తన పేరు పెదవులు కదిలిస్తూ చదువుకుంది.

బోధన్‌లోనూ, ఆ తర్వాత నిజామాబాద్‌లోనూ ఉన్నప్పుడు వారానికొకసారి ఆ ఉత్తరాలు వచ్చేవి. విషయం: వర్షం గురించి. విషయం: కిరాయి ఇంటి గోడకు చెమ్మ వచ్చుట గురించి. విషయం: విషయం ఏమీ లేదు. నేను ప్రతిదానికీ జవాబు రాశాను. ఆమె రిటైరైన రోజు పోయాను. దండ వేశారు, శాలువా కప్పారు. ఆమెతో మాట్లాడటం మానేసినవాళ్లు కూడా ఆమె సేవల గురించి బాగా మాట్లాడారు. సాయిలును అప్పటికి కిందితట్టు ఇంకో తూము మీదికి మార్చారు. అయినా వచ్చి చివరి వరుసలో నిలబడ్డాడు. మెదక్ తట్టు నుంచి ఎవరూ రాలేదు.

రిటైరైనా ఆమె బాన్సువాడ విడిచిపోలేదు. కళ్లకు పొరలు వచ్చి ఉత్తరాలు తగ్గాయి. ఒకరోజు ఇంటి ఓనరు ఫోన్ చేసి, ఉదయం తలుపు తీయలేదని చెప్పాడు. నేను పోయేసరికి సాయిలు, లచ్చవ్వ అక్కడే ఉన్నారు. నీళ్లు వదిలే రోజులవి. తూము ఇంకొకరికి అప్పగించి వచ్చానన్నాడు. కబురందినా తమ్ముడు రాలేదు. కొరివి సాయిలే పెట్టాడు. ఎవరూ అతన్ని నువ్వెవరని అడగలేదు.

నేను ఆమెను ఆఖరిసారి చూసింది దానికి కొన్ని నెలల ముందు. పని మీద బాన్సువాడ పోయి, మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లాను. గొంతు విని పోల్చుకుంది. జొన్నరొట్టెలు చేసి పెట్టింది. తర్వాత టీ పోసి, గడపలో నా ఎదురుగా కూర్చుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, చాలా ఏళ్లుగా నాలో ఉన్నది అడిగాను.

“అక్కా, గప్పుడు సార్ చెప్పినట్టు దొరకలేదని రాస్తే నీకేం గాకపోతుండె గదా. రాద్దామని జరంత గూడ అనిపించలేదా?”

“అనిపించింది,” అంది.

“మెమోకు భయపడా?”

“మెమోకు కాదు పిల్లా.” చేతిలోని గ్లాసు అటూ ఇటూ తిప్పింది. “దొరకలేదని రాస్తే సాయిలు మల్ల వస్తుండె. వారం రమ్మంటే వారం, నెల రమ్మంటే నెల. నా బల్ల ముంగట కూసుంటుండె. నన్ను అడుక్కుంట వచ్చేటోడు ఒక్కడన్నా ఉంటుండె. గా కాగితం సొరుగుల పెట్టుకున్నది గందుకే.”

ఆమె నా గ్లాసు కోసం చెయ్యి చాపి, తడుముకుని అందుకుంది. రెండూ కడుక్కొస్తానని వెనక్కి వెళ్లింది. బస్సు వేళవుతున్నా నేను లేవలేదు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. రెండు గ్లాసులు కడగడానికి అంతసేపు పట్టదు.